ఇంటి క్యాలెండర్ ఒక్కరి తలలోనే ఉంటే

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

రాత్రి పడుకోబోయే ముందు బ్యాగు సర్దుకుంటూ, "అమ్మా, రేపు చార్ట్ పేపర్ తెమ్మన్నారు" అంటాడు పిల్లాడు. అప్పటికి షాపులు మూసేసి ఉంటారు. నిజానికి వాడికి ఆ సంగతి ముందే తెలుసు. ఇంట్లో అందరూ తలో దిక్కున ఉంటే చెప్పడానికి సందు దొరకలేదంతే.

ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకోవడం గురించి మాట వస్తే చాలు, "టైమ్ సరిపోవడం లేదండీ" అంటారు మీలో చాలామంది. అది నిజమే. దానికి తోడు నాకు కనిపించేది ఇంకొకటుంది. ఫీజు గడువు, టీకా తేదీ, ప్రాజెక్టు సామాన్లు, యూనిఫాం ఉతకాల్సిన రోజు, ఇవన్నీ గుర్తుపెట్టుకునేది ఇంట్లో ఒక్కరే. ఎక్కువగా అమ్మే. "చెప్తే చేస్తాను కదా" అనడం సాయంలాగే వినిపిస్తుంది, కానీ గుర్తుపెట్టుకుని చెప్పే పని మళ్లీ ఆమె నెత్తినే పడుతుంది.

వారానికోసారి, సెలవురోజు సాయంత్రమైతే మేలు, ఓ పావుగంట అందరూ కలిసి కూర్చోండి. వచ్చే వారం పనులు గోడ క్యాలెండర్ మీద రాయండి. ఫోన్ క్యాలెండర్ పెద్దవాళ్లకు బాగానే ఉంటుంది కానీ రెండో తరగతి పిల్లకు కనిపించదు. ప్రతి పని పక్కన ఒక పేరుండాలి. పేరున్నవాళ్లదే ఆ పని, గుర్తుపెట్టుకోవడంతో సహా. గురువారం నాన్న ఆలస్యంగా వస్తారని ముందే రాసి ఉంటే, ఆ రోజు గుమ్మం దగ్గర ఎదురుచూపులూ ఉండవు, అలకలూ ఉండవు.

నిద్రవేళ మాత్రం బేరం లేకుండా ముందే రాసేయండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9–12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8–10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. పొద్దున ఆరున్నరకు లేచే పదేళ్ల పిల్లకు తక్కువలో తక్కువ తొమ్మిదిన్నరకల్లా నిద్రపట్టాలన్నమాట. ఈ లెక్క చూస్తే బడి తర్వాత వెళ్లే క్లాసుల్లో ఏది మానిపించాలో మీకే తెలుస్తుంది. (స్కూలు ప్రిన్సిపాల్ నోట ఈ మాటేమిటని నవ్వుకున్నా ఫర్వాలేదు.)

ఇంటికొచ్చాక మిగిలేది గంటో గంటన్నరో. అందులోనూ మనసు ఆఫీసులోనే ఉండిపోతుంది. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే ధ్యాస కొంత పాతదాని దగ్గరే చిక్కుకుంటుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. బయల్దేరే ముందు, మిగిలిన పనేమిటో, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో రెండు ముక్కలు కాగితం మీద పెట్టి రండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సాయంత్రాలే ఉండవు. పొద్దున పిల్లకు జడ వేసేటప్పుడు మాట్లాడుకున్నా అది మీ ఇద్దరి టైమే.

ఇక మా వైపు నుంచి. వచ్చే నెల నుంచి తరువాతి వారానికి కావలసిన వస్తువులన్నీ శుక్రవారమే ఒక్క మెసేజ్‌లో పంపుతాం. అత్యవసరమైతే తప్ప సాయంత్రం ఏడు దాటాక స్కూలు నుంచి మెసేజ్ రాదు. టీచర్లకూ ఇళ్లున్నాయి కాబట్టి ఆ వేళ మీరు పంపినవాటికి మర్నాడే జవాబిస్తారు. ఈసారి తల్లిదండ్రుల సమావేశం ఉదయం, సాయంత్రం రెండు పూటలా పెడుతున్నాం. మీకు వీలైన పూట ఏదో దీనితో వచ్చిన ఫారంలో గుర్తుపెట్టి బుధవారంలోగా పంపించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు