కల్నల్ గారి గడియారం

తెనాలి,
ఆదివారం.

అమ్మా శైలూ,

ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు మామూలే. మొన్న గృహప్రవేశంలో కామేశ్వరి పెద్దమ్మ కలిసింది, ఏవేవో చెప్పింది. అవన్నీ రాయడానికి కాదు ఈ ఉత్తరం. ఫోన్ చేస్తే "కస్టమర్ ఉన్నారు నాన్నా, మళ్ళీ చేస్తా" అంటున్నావు. మళ్ళీ చెయ్యడం లేదు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

విశేషం ఏమంటే, చింటూ పోయిన సెలవుల్లో టీవీకి ఏదో తగిలించి వెళ్ళాడు కదా, అందులో పాత కౌబాయ్ సినిమాలు బోలెడున్నాయి. అన్నం తిని ఒకటి పెట్టుకుంటున్నాను. మీ అమ్మ ఆ తుపాకుల మోతకి నిద్ర పట్టడం లేదని గొణుగుతోంది, కానీ ఆ పక్క మంచం మీంచి చూస్తూనే ఉంది.

ఇవి అమెరికా సినిమాలని అందరూ అనుకుంటారు గానీ కాదు. తీసింది ఇటలీ వాళ్ళు. షూటింగు ఎక్కువగా స్పెయిన్‌లో, అల్మేరియా దగ్గర తబెర్నాస్ ఎడారిలో. ఒక్కో నటుడు తన భాషలో తను మాట్లాడేవాడు, తర్వాత డబ్బింగులో అన్నీ సరిచేసుకునేవాళ్ళు. 1964లో మొదటి డాలర్ల సినిమా 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'కి డైరెక్టరు సెర్జియో లియోనే తన పేరు బాబ్ రాబర్ట్‌సన్ అని వేసుకున్నాడు, అమెరికా వాడనుకోవాలని. అసలు అమెరికా వాళ్ళ కౌబాయ్ సినిమాల్లో చట్టానికి కొంచెమైనా మర్యాద ఉంటుంది. వీళ్ళ దాంట్లో షెరీఫ్ ఉన్నా దండగే. అందుకని ఎవడి లెక్క వాడే తేల్చుకోవాలి. సగం సినిమాలకి పగే కథ.

పగ అంటే గుర్తొచ్చింది. నీ టైలర్లని లాక్కుపోయిన ఆ మాధవి షాపుకి సరిగ్గా ఎదురుగా నువ్వు షాపు మాట్లాడావని పెద్దమ్మ అంటోంది. అది అవునో కాదో చెప్పు. సరే, అది తర్వాత.

'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' మన హాల్లో ఆదివారం మార్నింగ్ షోకి వచ్చినప్పుడు నేను ఆపరేటరుగా చేరిన కొత్త. 1965లో తీసిన సినిమా. మన ఊరొచ్చేసరికి ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ప్రింటు నిండా గీతలు. అందులో కల్నల్ మార్టిమర్ అని లీ వాన్ క్లీఫ్ వేశాడు. గద్ద ముక్కు, నల్ల కోటు. ఎల్ ఇండియో అనే దొంగ వెంట పడతాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ కూడా అదే దొంగ వెంట పడతాడు గానీ వాడికి కావలసింది తల మీద ఉన్న డబ్బు. కల్నల్‌కి మాత్రం వేరే ఏదో ఉంది. ఆ 'ఏదో' ఇండియో పాత సంగతులు తలుచుకునే చోట్ల చూపిస్తాడు. మన ప్రింటులో సరిగ్గా ఆ ముక్కలే లేవు! ముందు ఏ ఊళ్ళో తెగాయో, ఎవరో కత్తిరించి అతికించి పంపించేశారు. చివర్లో ఈస్ట్‌వుడ్‌తో ఒక్క మాటలో చెబుతాడు గానీ, మార్నింగ్ షోకి వచ్చే మన రిక్షా వాళ్ళకీ, మార్కెట్ యార్డు హమాలీలకీ ఆ ఇంగ్లీషు ఎక్కడ? నాకే ఎక్కలేదు.

షో అయ్యాక సత్యం టీకొట్టు దగ్గర పెద్ద పంచాయితీ. సత్యం అన్నాడూ, గట్టు తగాదా అయ్యుంటుందని. ఆ ఎడారిలో గట్టేమిట్రా అంటే, పొలం ఉండబట్టే కల్నల్ అయ్యాడన్నాడు. టికెట్లు చింపే కోటయ్య మాత్రం బాకీ ఎగ్గొట్టాడన్నాడు. మీ తాతయ్య కూడా వచ్చాడు ఆవేళ, ఆయనకి కోర్టు తప్ప వేరే లోకం లేదు కదా, దావా అయ్యుంటుందన్నాడు. ఎవరికీ కారణం తెలీదు. కానీ చివర్లో ఆ గుండ్రటి రాళ్ళ కట్ట మధ్య ఇద్దరూ నిలబడి, గడియారం మూత తెరిచి, ఆ సన్నటి పాట ఆగేదాకా కాచుకుంటారే, అప్పుడు హాలు హాలంతా ఈలలే. ప్రొజెక్టరు దీపంలో కార్బన్లు చూసుకోవడం మానేసి నేనూ కిటికీకి అతుక్కుపోయాను. మొన్న పూర్తి ప్రింటు చూస్తే తెలిసింది. ఆ గడియారం కల్నల్ చెల్లెలిది. ఇండియో ఆమె మొగుణ్ణి చంపి ఆమె మీద పడితే, ఆమె వాడి తుపాకీతోనే తనను కాల్చుకుంది. అదీ కథ. అంత దుఃఖం ఉందని తెలియకుండానే మేమందరం ఈలలు వేశాం. కారణంతో పనేముంది, ఎన్నియో మొరికోనే ఆ గడియారం పాట కట్టాడు, అది చాలు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నీ చుట్టూ ఉన్న ఫ్రెండ్స్ "భలే పని చేస్తున్నావు శైలూ, దాని ఎదురుగానే పెట్టు" అంటున్నారట. వాళ్ళకేం, షో అయ్యాక ఇళ్ళకి పోతారు. అడ్వాన్సు కట్టేది నువ్వు. కల్నల్ పని ముగించాక దొంగల మీద వచ్చే డబ్బంతా ఈస్ట్‌వుడ్‌కే వదిలేసి వెళ్ళిపోయాడు, పైసా ముట్టలేదు. అంటే అప్పటికే అతనికి జీవనాధారం ఉండి ఉంటుంది. నీకు చింటూ స్కూలు ఫీజుంది.

లెక్చరు ఇవ్వనని మీ అమ్మకి మాటిచ్చాను. సినిమా సంగతే చెబుతాను.

1968లో లియోనేదే ఇంకోటి వచ్చింది, 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'. చార్లెస్ బ్రాన్సన్ నోట్లో ఎప్పుడూ మౌతార్గాన్. వాడి చిన్నప్పుడు ఫ్రాంక్ అనేవాడు వాడి అన్న మెడకి ఉరి తగిలించి, ఆ అన్నని ఈ పిల్లాడి భుజాల మీద నిలబెట్టి, నోట్లో ఆ మౌతార్గాన్ కుక్కాడు. పిల్లాడి కాళ్ళు ఎంతసేపు ఆగితే అన్న అంతసేపు బతుకుతాడు. ఫ్రాంక్‌గా వేసింది హెన్రీ ఫోండా, అంతవరకూ మంచివాడి వేషాలకి పేరుపడ్డ మనిషి. ఆ నీలి కళ్ళు చూస్తే వెన్ను జలదరిస్తుంది. ఇందులో నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. సొంత మనుషులే ఫ్రాంక్‌ని కాల్చేయబోతే, బ్రాన్సనే అడ్డుపడి వాణ్ణి కాపాడతాడు! తన చేతిలోనే చావాలి కదా. అంటే పగవాడికి తనే కాపలా. నువ్వు రాత్రి పన్నెండింటికి కూడా మాధవి షాపు ఇన్‌స్టాగ్రామ్ తెరిచి, ఎవరు వచ్చారు, ఏ చీర ఎంతకి పెట్టింది అని చూస్తున్నావని అల్లుడుగారు మాటల్లో జారారు. ఆయన్ని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

మాధవి చేసింది తప్పే. పుస్తకంలో రాసుకున్న కస్టమర్ల నంబర్లన్నీ పట్టుకుపోవడం, టైలర్లిద్దర్నీ లాక్కుపోవడం, ఎవరైనా తప్పనే అంటారు. నీకు కోపం రాకపోతే నా కూతురివే కాదు. నాలుగో తరగతిలో నీ జామెట్రీ బాక్సు విరగ్గొట్టిన పిల్ల పేరు పదో తరగతిలో కూడా చెప్పేదానివి. 1967లో వచ్చిన 'డెత్ రైడ్స్ ఎ హార్స్'లో కుర్రాడూ అంతే. ఇంటివాళ్ళని చంపినవాళ్ళ ఒంటి మీది గుర్తులు పదిహేనేళ్ళు మనసులో పెట్టుకుంటాడు. ఎవడి ఛాతీ మీద పేకముక్కల పచ్చబొట్టుందో, ఎవడి చెవికి పోగుందో.

ఆ బ్రాన్సన్ సినిమాలోనే జిల్ అని ఒకామె ఉంది, క్లాడియా కార్డినాలే. రైలు దిగి ఇంటికొచ్చేసరికి మొగుడూ ముగ్గురు పిల్లలూ బల్లల మీద శవాలు. చేయించింది ఎవరో చేసింది ఎవరో తర్వాత ఆమెకి తెలుస్తుంది. అయినా పగ తీర్చుకోవడానికి తుపాకీ పట్టదు. మొగుడు కొన్న చోట నీళ్ళున్నాయి, రైలు అటే రావాలి. అక్కడే ఉండిపోతుంది. బ్రాన్సన్ పని అయిపోగానే వెళ్ళిపోతాడు, ఎక్కడికో లియోనే కూడా చెప్పలేదు. స్టేషన్ కట్టే కూలీలకి నీళ్ళిస్తూ జిల్ మిగులుతుంది. మీ అమ్మ ఆ సీను దగ్గర లేచి కూచుంది. "ఇది కదా ఆడదంటే" అంది. నేనేమీ అనలేదు, అన్నది ఆవిడే.

'ది గ్రేట్ సైలెన్స్' మాత్రం నువ్వు చూడొద్దు. కార్బూచి తీశాడు, అంతా మంచు. మొగుణ్ణి చంపినవాడి మీద పగ తీర్చమని ఒకామె మూగ తుపాకీవాణ్ణి అడుగుతుంది. చివరికి ఆమే పోతుంది, వాడూ పోతాడు, విలన్ గుర్రమెక్కి దర్జాగా వెళ్ళిపోతాడు. మనవాళ్ళయితే ఇలా తియ్యరు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ 'మోసగాళ్ళకు మోసగాడు' తీసినప్పుడు ఆ గుర్రాలు, టోపీలు, ఇసుక అన్నీ తెచ్చాడు గానీ కృష్ణని చంపుతాడా? హాలు మిగిలేది కాదు.

ఇంతకీ ఆ షాపు అద్దె ఎంత? అగ్రిమెంటు మీద సంతకం చేశావా? చెయ్యకపోతే నేను వచ్చేదాకా ఆగు. శనివారం జన్మభూమికి వస్తున్నాను, మీ అమ్మ గోంగూర, కందిపొడి కడుతోంది. నిజాంపేట వైపు మన వరలక్ష్మి వాళ్ళ కాంప్లెక్సులో ఒక గది ఖాళీగా ఉందట, అక్కడ బ్లౌజులు కుట్టేవాళ్ళు ఎవరూ లేరట. ఊరికే చూసొద్దాం, నచ్చకపోతే నీ ఇష్టం. రాత్రిళ్ళు భోజనం మానేస్తున్నావని చింటూ చెప్పాడు. పెరుగన్నమైనా తిను.

ఇంకొకటి. నీ గాజులు తాకట్టు పెట్టావని పెద్దమ్మ అన్నది నిజమైతే, అది బ్యాంకులోనా బయట కొట్టులోనా, వడ్డీ ఎంతో, ఈ ఉత్తరం అందగానే మెసేజ్ పెట్టు. మీ అమ్మకి తెలీదు. వాట్సాప్ నా ఫోనుకే పెట్టు.

నాన్న