పంచదార మానితే న్యూరాన్లు పుట్టుకొస్తాయా?

సంపాదకులకు,

అన్నం, పంచదార మానేస్తే ముసలితనంలోనూ మెదడులో కొత్త న్యూరాన్లు (నాడీకణాలు) పుడతాయని చెప్పేవాళ్లు ఆధారంగా చూపేది 2024 అక్టోబరులో ‘నేచర్’లో అచ్చయిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనను. ఆన్ బ్రూనె బృందం చేసింది. పని గట్టిదే. కాకపోతే ఏ మనిషి కంచంలోంచీ అన్నం తీసి చూసిన పరిశోధన కాదు.

వాళ్లు ముసలి ఎలుకల మెదడు మూలకణాల్లో (కొత్త కణాలకు జన్మనిచ్చేవి ఇవే), జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఒక్కో జన్యువునూ ఆపి చూశారు. గ్లూట్-4 అనే ప్రోటీన్‌ను ఆపినప్పుడు నిద్రాణంగా ఉన్న మూలకణాలు మేల్కొని, కొత్త న్యూరాన్లు రెట్టింపుకు మించి వచ్చాయి. గ్లూకోజును కణం లోపలికి చేరవేసేది ఈ ప్రోటీనే. వయసు మళ్లిన మూలకణాలు కుర్ర ఎలుకల కణాలకంటే సుమారు రెండింతల గ్లూకోజు లాక్కుంటున్నాయి. అయితే ఆ న్యూరాన్లు చేరింది వాసన పసిగట్టే భాగానికి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కు కాదు. మనుషుల్లో పెద్దయ్యాక ఆ వాసన భాగంలోకి కొత్తవి దాదాపు రావని 2012లోనే కణాల వయసు తేల్చే కార్బన్-14 లెక్కలు చూపాయి. హిప్పోక్యాంపస్‌లో ఒక్కో వైపు రోజుకు 700 పుడతాయని 2013లో ఒక బృందం అంది. పెద్దల్లో అసలు కనబడటం లేదని 2018లో మరో బృందం అంది. ఇలాంటి వార్తల శీర్షికలో ‘ఎలుకల్లో’ అన్న ఒక్క మాట పడితే సగం గందరగోళం పోతుంది.

ఇక ఉన్న న్యూరాన్ల సంగతి. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వాడే శక్తి 20 శాతం. రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు కావాలి, దాచుకునే చోటు చాలా తక్కువ. అందుకే మధుమేహానికి ఇన్సులిన్ గానీ, తిన్నా తినకున్నా చక్కెరను తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ వాడే పెద్దలు డాక్టరును అడగకుండా అన్నం మానడం ప్రమాదం. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మామూలుగా వేసుకోవడమూ అంతే. కిడ్నీలు బలహీనపడితే ఆ మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటే తగ్గితే చెమట, వణుకు వస్తాయంటారు. పెద్దవాళ్లలో అవి కనబడకపోవచ్చు. మాట తడబడటం, ఉన్నట్టుండి అయోమయం, చిరాకు. ‘వయసు మీద పడింది’ అని ఇంట్లో వాళ్లు వదిలేసేవి ఇవే. అప్పుడు మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి; పెరగకపోతే మరోసారి ఇవ్వాలి, పెరిగాక ఏదైనా తినిపించాలి. వోగ్లిబోస్ అనే మరో మధుమేహ మాత్ర కూడా వాడేవారికి పంచదార వెంటనే పనిచేయదు, దాన్ని పేగులో విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్లకు మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడే ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

మనుషుల మీదే చేసిన పరీక్ష కావాలంటే 2011 నాటి అమెరికా అధ్యయనం ఉంది. వయసు మళ్లిన 120 మందిలో కొందరు ఏడాది పాటు, వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున చురుగ్గా నడిచారు. వాళ్ల హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టినవారిలో 1.4 శాతం తగ్గింది. పెరిగింది పరిమాణం, న్యూరాన్ల సంఖ్యను బతికున్న మనిషి మెదడులో లెక్కపెట్టే దారి ఇంకా లేదు. ఇన్సులిన్ వేసుకునేవారు మాత్రం నడకకు వెళ్లేటప్పుడు ఆ గ్లూకోజు పొడి పొట్లం జేబులో ఉంచుకోవాలి.

– ఒక జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు