సెలవు దొరకని చోట జ్వరాలే వస్తాయి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మా తమ్ముడు పైలట్. ఏ సంస్థో చెప్పను. సొంత కూతురి ఓణీల ఫంక్షన్‌కి రెండు నెలల ముందే సెలవు అడిగితే ఇవ్వలేదు. ముందురోజు సిక్ అని ఫోన్ చేసి వచ్చేశాడు. అబద్ధమే, వెనకేసుకు రావడం లేదు. కానీ ఫంక్షన్‌లో సగం సేపు కుర్చీలోనే నిద్రపోయాడు. మరీ అంత అబద్ధం కూడా కాదేమో!

అహ్మదాబాద్ ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, 2025 జూన్ 16న, ఎయిర్ ఇండియాలో 112 మంది పైలట్లు సిక్ అన్నారని మీ శాఖే లోక్‌సభలో చెప్పింది. అందులో ఎవరిది జ్వరం, ఎవరిది టెన్షన్? రెండోదానికి సెలవు ఫారంలో గడి ఉంటుందా?

వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచారు, సంతోషం. పైలట్ పెట్టిన సెలవును ఆ విశ్రాంతి కింద లెక్కగట్టొద్దన్న నిబంధనను మాత్రం 2025 డిసెంబరులో విమానాలు వరసగా రద్దవగానే వెనక్కి తీసుకున్నారు.

సెలవు కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. నెలనెలా కాదన్న సెలవుల లెక్క విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెప్పించుకుని, సిక్ లీవుల లెక్క పక్కన పెట్టి చూడాలి.

ఇట్లు,
మీ జిల్లా ఆడపడుచు, టెక్కలి