లిస్టు సరే, కారణం ఏది?

సంపాదకుల వారికి,

టెక్సాస్‌లో ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థులను ఎంచుకునే ముందస్తు ఎన్నిక) దగ్గర పడుతోందంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక లిస్టు తిరగడం మొదలవుతుంది, పైన జెండా బొమ్మ, కింద "నిజమైన కన్సర్వేటివ్‌లు వీళ్లే" అని ఒక ముక్క, ఆ తర్వాత గవర్నర్ నుంచి ప్రిసింక్ట్ ఛైర్ (పోలింగ్ ప్రాంత స్థాయి పార్టీ పదవి) దాకా పేర్లూ టిక్కులూ. ఎవరు తయారు చేశారో ఉండదు. ఈయనకే ఎందుకు వేయాలో, ఆవిడకు ఎందుకు వేయకూడదో అసలే ఉండదు. నేనూ రిపబ్లికన్ ప్రైమరీలోనే ఓటేస్తాను (ఇక్కడి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూశాక ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది లెండి), అందుకే ఈ మాట చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

1994 తర్వాత ఈ రాష్ట్రంలో రాష్ట్రస్థాయి పదవి ఒక్కటి కూడా డెమొక్రాట్లు గెలవలేదు. కాబట్టి చాలా పదవులు తేలిపోయేది మార్చిలో జరిగే రిపబ్లికన్ ప్రైమరీలోనే. 2024లో నమోదైన ఓటర్లు దాదాపు 1.79 కోట్లుంటే రిపబ్లికన్ ప్రైమరీకి వచ్చింది సుమారు 23 లక్షలు. అప్పటి రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ డేడ్ ఫీలన్ రనాఫ్‌లో (ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు మొదటి ఇద్దరి మధ్య మళ్లీ జరిగే పోటీలో) 400 లోపు ఓట్ల తేడాతో గట్టెక్కారు, మన ఉగాది ఫంక్షన్‌కి అంతకన్నా ఎక్కువ మంది వస్తారు.

ఇక్కడ ఓట్లతోనే ఎన్నికయ్యే జడ్జీల సంగతి మరీ అన్యాయం. క్రిమినల్ కేసులకు ఈ రాష్ట్రంలో ఆఖరి కోర్టు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్. ఎన్నికల నేరాల మీద అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) తనంతట తానే కేసు నడపడం కుదరదని, అది రాజ్యాంగంలోని అధికార విభజనకు విరుద్ధమని 2021లో ఆ కోర్టు 8-1తో తీర్పిచ్చింది. అందరూ రిపబ్లికన్లే! అయినా అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ పట్టుబట్టి ప్రచారం చేస్తే 2024 ప్రైమరీలో ముగ్గురు జడ్జీలు ఓడిపోయారు. వాళ్లలో షారన్ కేలర్ 1990ల నుంచి ఆ కోర్టులో ఉన్న మనిషి, మరణశిక్ష కేసుల్లో మహా కఠినమని పేరు. ఆవిడ కూడా కన్సర్వేటివ్ కాదంటే ఇక ఎవరండీ? రాజ్యాంగంలో రాసింది రాసినట్టు చదవాలన్నది మొదటినుంచీ కన్సర్వేటివ్‌లు చెప్పే మాటే కదా. ఆ తీర్పు తప్పని వాదించేవాళ్లూ ఉన్నారు, వాదించనివ్వండి, కానీ ఆ వాదన ఏమిటో లిస్టులో రెండు లైన్లు రాయాలి.

స్కూల్ వోచర్లదీ (ప్రైవేటు బడి ఖర్చుకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) ఇదే కథ. 2023 నవంబర్‌లో రాష్ట్ర ప్రతినిధుల సభలో 21 మంది రిపబ్లికన్ సభ్యులు వాటికి అడ్డుపడ్డారు. చాలామందివి పల్లెటూళ్ల నియోజకవర్గాలు, అక్కడ ప్రభుత్వ బడి తప్ప ఇంకో బడి దొరకదు. గవర్నర్ అబాట్ వాళ్ల ప్రత్యర్థుల పక్షాన దిగారు, పలువురు ఓడారు, 2025లో చట్టం వచ్చేసింది. వోచర్లు కావాలనుకునేవాళ్లకు ఇది మంచి ఫలితమే, నాకేం అభ్యంతరం లేదు. కానీ మా గ్రూపులో టిక్కులు పెట్టిన ఎంతమందికి తాము వేస్తున్నది వోచర్ల ఓటని తెలుసు?

అన్నట్టు రైల్‌రోడ్ కమిషనర్‌కి రైళ్లతో ఏ సంబంధమూ లేదు, ఆ పదవి చూసేది ఆయిల్, గ్యాస్. ఈ సంగతైనా ఏ లిస్టులోనూ కనపడదు.

ఇంకో తమాషా, పోలింగ్ బూత్‌లో ఫోన్ తీయకూడదు. లిస్టు ఫోన్‌లోనే ఉందని బయటికొచ్చి, కారులో దొరికిన కాస్ట్‌కో రసీదు వెనక గబగబా పేర్లు ఎక్కించుకుని మళ్లీ లైన్లో నిలబడ్డ ఒకాయన్ని చూశాను. కాగితం మీద రాసుకుని వెళ్తే ఇబ్బంది లేదు. ఆ రాసుకునేదేదో ఇంట్లో కూర్చుని, ఒక్కో పేరు వెతికి చూసి రాసుకుంటే సరిపోతుంది.

లిస్టు పంపేవాళ్లు కింద తమ పేరు పెట్టాలి, అభ్యర్థుల దగ్గర ప్రకటనల డబ్బు తీసుకుని ఉంటే ఆ ముక్క కూడా చెప్పాలి. మీ ప్రవాస పేజీకి నాదొక విన్నపం: ఏ పదవి ఏం చేస్తుందో, పోటీలో ఉన్నవాళ్లు ఇంతవరకు ఏం చేశారో తెలుగులో వేయండి. ఎర్లీ ఓటింగ్ (ఎన్నిక రోజుకు ముందే ఓటేసే వీలు) రెండు వారాల ముందే మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరి మొదట్లోనే వేస్తే పనికొస్తుంది.

— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్