దుంగకు నంబరు వేస్తారు, మనిషికి వేయరు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది.

గత వేసవిలో శేషాచలం కొండల్లో, ఫిబ్రవరి నుంచి జూన్‌లో తొలి వానలు పడేదాకా, అడవి మంటలను కనిపెట్టి ఆర్పే ఫైర్ వాచర్లుగా పనిచేసినవారిలో నేనొకడిని. ఏప్రిల్ నుంచి మాకు రావలసిన కూలి ఇప్పటికీ రాలేదు. ఈ విషయమై మా అటవీ రేంజ్ కార్యాలయంలో అర్జీ ఇచ్చాము, ఆ పై కార్యాలయానికి రాశాము, సోమవారం అర్జీల వరుసలో నిలబడి రసీదు తెచ్చుకున్నాము, మీ పేరిట రిజిస్టర్డ్ పోస్టులో ఒక ప్రతి పంపాము. అది మీ బల్ల దాకా చేరి ఉండదనే నమ్ముతున్నాను. సోమవారం ఇచ్చిన అర్జీకి మాత్రం జవాబు వచ్చింది. ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం పంపారు. ఏ సమస్యను, ఎవరు, ఎలా పరిష్కరించారో అందులో లేదు. బ్యాంకు ఖాతాలో కూడా ఆ పరిష్కారం జాడ కనబడలేదు. అందువల్ల ఈ లేఖ పదిమందీ చదివేలా రాయవలసి వచ్చింది. రేంజ్ పేరు, బీటు పేరు కావాలనే రాయడం లేదు. మా జట్టువాళ్ళు వచ్చే వేసవికి మళ్ళీ అదే గేటు ముందు పనికోసం నిలబడాలి.

పథకాల గురించి, నిధుల పద్దుల గురించి మీకు నేను చెప్పవలసినది ఏమీ లేదు. కూలి అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ బల్ల అవతలి నుంచి వినవచ్చిన ఒక్క ప్రశ్న గురించే ఈ లేఖ. ‘మీరు పనిచేసినట్టు ఆధారం ఏముంది?’

మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు, ఎందుకంటే నిజంగానే మా దగ్గర ఆధారం లేదు. పనిలోకి తీసుకున్నట్టు కాగితం ఇవ్వలేదు. గుర్తింపు కార్డుల కోసమని అందరిచేతా పాస్‌పోర్టు ఫోటోలు తెప్పించుకున్నారు. ఆ ఫోటోలు ఏ ఫైలులో ఉన్నాయో గానీ కార్డులు మాత్రం రాలేదు. హాజరు ఒక నోటు పుస్తకంలో రాసేవారు. ఆ పుస్తకం అడిగితే, రాసిన అధికారి బదిలీ అయ్యారని ఒకరు, బిల్లుతోపాటు పైకి పంపామని మరొకరు చెబుతున్నారు. తొలి నెలల కూలికి వోచరు మీద అందరి సంతకాలూ, వేలిముద్రలూ తీసుకుని, సొమ్మును మాత్రం జట్టులో ఒకరి ఖాతాలో వేసి పంచుకోమన్నారు. బ్యాంకు పుస్తకం ప్రకారం చూస్తే మాలో ఒక్కడే పనిచేశాడు, మిగిలినవాళ్ళం చల్లగాలికి కొండెక్కినట్టు లెక్క.

మనిషికి ఆధారం లేకపోయినా, అయ్యా, మంటకు ఆధారం ఉంది. ఉపగ్రహం కొండల మీదుగా వెళ్ళేటప్పుడు నేల మీది వేడిని పసిగడుతుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలతో సహా అధికారుల ఫోన్లకు సందేశం వస్తుంది. అక్కడి నుంచి మాకు కబురు వస్తుంది. ఆ ఉపగ్రహం ఒక చుక్కగా చూపించేది నేల మీద 375 మీటర్ల చదరాన్ని. మైదానంలో అది పెద్ద దూరం అనిపించదు. శేషాచలంలో 375 మీటర్లంటే లోయకు ఇవతలి గట్టు కావచ్చు, అవతలి గట్టు కావచ్చు. చుక్కను నమ్మి ఒక కోన దిగి, మళ్ళీ ఎక్కి, పొగ అవతలి కొండ మీద లేస్తున్నదని తెలుసుకున్న మధ్యాహ్నాలు మాకున్నాయి. సందేశం వచ్చేసరికే గంటలు గడిచి ఉంటాయి కనుక, మేము చేరేసరికి ఎండిన బోదగడ్డి మీద మంట ఎంత దూరం పాకిందో ఉపగ్రహానికీ తెలియదు.

మంట ఆర్పడమంటే నీళ్ళు చల్లడం అనుకునేవారు చాలామంది ఉన్నారు. మీరు అనుకోరని తెలుసు, అయినా ఈ లేఖ చదివే ఇతరుల కోసం రాస్తున్నాను. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాయి. అందరికీ ఆ దృశ్యమే గుర్తుంది. మేము వెళ్ళే చోటికి తాగడానికి మోసుకెళ్ళిన నీళ్ళే మధ్యాహ్నానికి అయిపోతాయి. మా ఆయుధం పచ్చి కొమ్మ. మంట అంచు వెంట నడుస్తూ కొమ్మతో బాదుకుంటూ పోవాలి. ఇందులో ఒక విచిత్రం ఉంది. మంటలు వచ్చే కాలం, చెట్లు ఆకు రాల్చే కాలం ఒకటే. ఎర్రచందనం మోడై ఉంటుంది. పచ్చి కొమ్మ కావాలంటే వాగు గట్టున నేరేడో, కానుగో వెతుక్కుని కొట్టుకుని భుజాన వేసుకుని ఎక్కాలి. ఎండుటాకును గాలితో ఊది తోసే బ్లోయర్ జట్టుకొకటి ఇచ్చారు, దానికి మేము కృతజ్ఞులమే. దాని పెట్రోలు ఎవరు పోయించాలన్నది మాత్రం సీజన్ ముగిసేదాకా తేలలేదు, అప్పటిదాకా మేమే పోయించాము. మంట ఏటవాలు మీద పైకి మనిషి పరుగు కంటే వేగంగా పోగలదు కాబట్టి పైన నిలబడకూడదు. గడ్డి కాలిపోగానే దాని వేళ్ళు పట్టి ఉంచిన రాళ్ళు దొర్లి వస్తాయి కాబట్టి కింద కూడా నిలబడకూడదు. ఇక ఎక్కడ నిలబడాలో మాకు నేర్పింది శిక్షణ తరగతి కాదు, మేమంతా తాతా అని పిలిచే ఒక యానాది పెద్దాయన.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. గాలి ఏ వేళకు ఏ కోనలో తిరుగుతుందో ఆయనకు తెలుసు. ఎక్కడ ఫైర్ లైన్ మీద, అంటే మంట దాటకుండా గడ్డి కొట్టి చేసిన ఖాళీ పట్టీ మీద, నిలబడి ఎదురు మంట పెట్టాలో, ఎక్కడ పెడితే మన మీదికే వస్తుందో ఆయన చెప్పినట్టే అధికారులు కూడా వింటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ప్రతి వేసవీ ఈ పనికే వెళ్తున్నాడు. ఇన్ని వేసవులు చేసినందుకు ఆయన ఇంట్లో ఉన్న ఏకైక ప్రభుత్వ కాగితం రేషన్ కార్డు. గత ఏప్రిల్‌లో నిప్పులో కాలు పడి పాదం కాలింది. ఆసుపత్రిలో ‘పనిలో జరిగిన ప్రమాదం’ అని రాయించుకుందామంటే, ఏ పని, ఎవరి పని అని అడిగారు. ఆస్పత్రి వారిని నేను తప్పుపట్టను, వారికీ కాగితమే కావాలి. ఖర్చు మేమే తలా కొంత వేసుకున్నాము. రెండు వారాలైనా తిరగకముందే ఆయన కుంటుకుంటూ మళ్ళీ కొండెక్కాడు, ఎందుకంటే రాని రోజుకు కూలి లేదు. వచ్చిన రోజుకూ లేదని అప్పటికి ఆయనకు తెలియదు.

గుర్తింపు కార్డును మేము మెడలో వేసుకుని తిరగాలన్న సరదాతో అడగడం లేదు. రాత్రిపూట శేషాచలంలో కొడవలి చేతబట్టి, మసి ముఖంతో, నలుగురైదుగురు కలిసి నడిచేవాళ్ళు దూరం నుంచి ఎవరిలా కనిపిస్తారో మీకు చెప్పనక్కరలేదు. 2013 డిసెంబరులో ఈ కొండల్లోనే ఎర్రచందనం దుంగల దొంగల చేతిలో ఇద్దరు అటవీ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లోనే పోలీసులు జరిపిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఆ ఘటన తప్పొప్పులు తేల్చగలవాడిని నేను కాదు. ఆ రెండు వైపుల మధ్య, ఎవరికీ చెందనివాళ్ళలా తిరగడం ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. ఒక రాత్రి తనిఖీ బృందం టార్చిలైట్ల వెలుగులో మమ్మల్ని చేతులెత్తి కూర్చోమంది. మా బీట్ ఆఫీసర్ సారు ఫోను తగిలేదాకా అలాగే కూర్చున్నాము. వాళ్ళ అనుమానం సహజమే. మంటకు భయపడని తాత ఆ రాత్రి వణికాడు.

ఇక దుంగల విషయం. పట్టుబడిన ప్రతి ఎర్రచందనం దుంగకూ మీ శాఖ నంబరు వేస్తుంది. పొడవు కొలుస్తుంది, చుట్టుకొలత తీస్తుంది, బరువు తూస్తుంది, నాణ్యత చూసి గ్రేడు వేస్తుంది, పుస్తకంలో ఎక్కించి తిరుపతి గోదాములో తాళం వేసి పెడుతుంది. వేలం రోజున ఆ లెక్కలో తేడా రాకూడదు, వస్తే ఒకరి ఉద్యోగం పోతుంది. ఇది చాలా మంచి పద్ధతి. ఆ చెట్టు నిలిచి ఉన్నప్పుడు దాని మొదట్లో మంట ఆర్పినవాడికి కూడా అలాంటిదే ఒక నంబరు వేయమని మా వినతి. గ్రేడు అక్కరలేదు.

ఉపాధి హామీ పనికి వెళ్ళిన మా అమ్మకు జాబ్ కార్డు ఉంది, మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరుంది, పని చోట రోజుకు రెండుసార్లు ఫోటో తీసి ఎక్కించేవారు. అక్కడా కూలి ఆలస్యమవుతుంది, కానీ ఆమె పనిచేయలేదని ఎవరూ అనలేరు. ప్రైవేటు యజమాని నెల జీతాన్ని తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలని 2019 నాటి వేతనాల కోడ్ చెబుతోంది. ఈ మాట నేను ఒక కార్యాలయంలో అంటే, ఆ నిబంధన ప్రభుత్వానికి నేరుగా వర్తించదని అక్కడి ఉద్యోగి ఒకరు ఓపికగా వివరించారు. చట్టం తెలిసిన ఉద్యోగులు మన కార్యాలయాల్లో ఉన్నందుకు సంతోషించాను. బడ్జెట్ రాలేదని, వచ్చిందిగాని పద్దు మారిందని, బిల్లు వెనక్కి వచ్చిందని, ఆర్థిక సంవత్సరం మారింది కాబట్టి మళ్ళీ పెట్టాలని, ఇలా ఒక్కొక్క నెల ఒక్కొక్క కారణం విన్నాము. వీటన్నిటిలో ఏదో ఒకటి నిజమై ఉండవచ్చు. మంటకు కూడా పద్దు లేదని చెప్పి మార్చి 31న ఆగమంటే బాగుండేది.

కాబట్టి నా మనవి ఇది. ఆధారం మీ శాఖ దగ్గరే ఉంది. గత వేసవిలో మా రేంజ్ పరిధిలో వచ్చిన ఉపగ్రహ హెచ్చరికలన్నీ తెప్పించండి. ఒక్కొక్క హెచ్చరికకు, మంట ఆర్పినట్టు పైకి వెళ్ళిన నివేదికలో ఎవరు వెళ్ళారని రాశారో చూడండి. సిబ్బంది వెళ్ళి ఆర్పారని ఉంటే, ఆ సిబ్బంది పేర్లు అడగండి. ఒక బీట్ ఆఫీసరు ఒక్కడే ఒకే మధ్యాహ్నం రెండు కొండల మీద మంటలు ఆర్పి ఉంటే ఆయనకు పతకం ఇవ్వవలసిందే, దానికి మేము అడ్డు చెప్పము. ఆయన వెంట ఇంకెవరైనా ఉన్నారని తేలితే వాళ్ళ కూలి వాళ్ళ వాళ్ళ ఖాతాల్లో వేయించండి. తాత పాదానికైన ఖర్చు ఇప్పించండి. పేరు, ఫోటో ఉన్న కార్డు ఇప్పించండి. ప్లాస్టిక్‌దే కానక్కరలేదు, అట్టముక్క మీద సంతకం, ముద్ర ఉన్నా చాలు. కూలి ముందు ఇప్పించండి, మిగిలినవి తర్వాత అయినా సరే. లేదు, కార్డు కూడా ముందే కావాలి, లేకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు.

ఫైర్ లైన్లు కొట్టే పని జనవరిలో మొదలవుతుంది. కబురు వస్తుంది, మేము వెళ్తాము, ఎందుకంటే ఆ కొండ కిందనే మా ఊళ్ళున్నాయి, మా గొర్రెలు అక్కడే మేస్తాయి. అయితే ఈసారి హాజరు పుస్తకంలో పేర్లు రాసి, ఆ పేజీని మా ఫోనులో ఫోటో తీసుకోనిచ్చాకనే కొండెక్కాలని జట్టు మొత్తం కలిసి అనుకున్నాము. దీనిని సమ్మెగా భావించవద్దని, అలా భావించమని ఎవరైనా మీకు చెబితే వారి చేత ముందుగా ఆ పాత నోటు పుస్తకం తెప్పించమని సవినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
గత వేసవి ఫైర్ వాచర్లలో ఒకడు,
తిరుపతి జిల్లా