వార్డు పౌరసభ: ఆదివారం సన్నాహక సమావేశం

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులోని మన వార్డులో జరపదలచిన పౌరసభ (వార్డు ప్రజలంతా కలిసి స్థానిక విషయాలు చర్చించే సభ) గురించి ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు కమ్యూనిటీ హాలులో సమావేశమవుదాం.

3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెబుతున్నా, మన చర్చలు ఇంతవరకూ అపార్ట్‌మెంట్ల గేటు దాటి బస్తీల్లోకి వెళ్లలేదని ఒప్పుకోక తప్పదు. ఇళ్లలో పనిచేసే మహిళలు, పారిశుద్ధ్య కార్మికులు ఉదయం పనిలో ఉంటారు కనుకనే సాయంత్రం వేళను ఎంచుకున్నాము. చర్చ తెలుగు, ఉర్దూ, హిందీల్లో సాగుతుంది.

ప్రతి ఒక్కరూ ఈ గ్రూపులో లేని ఇద్దరిని స్వయంగా కలిసి ఆహ్వానించి (సందేశం పంపి ఊరుకుంటే పిలిచినట్టు కాదు), ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ తెలియజేయగలరు. ఉర్దూ అనువాదానికి ఇద్దరు, పిల్లలను చూసుకోవడానికి ఒకరు కావాలి. హాలు మెట్లకు ర్యాంపు లేదు. చక్రాల కుర్చీలో వచ్చేవారుంటే ముందే చెప్పండి, చెక్క పలకలు వేయిస్తాము.