నవంబరు ఆపిల్‌కు ఇప్పుడే రేటు ఎందుకు చెప్తలేనంటే

దసరా పోయింది. మాల వేసుకునే స్వాములు, కార్తీకంలో లగ్గాలు పెట్టుకున్నోళ్లు అడ్వాన్స్ పట్టుకొని దుకాణానికి వస్తున్నరు. "అన్నా, కశ్మీర్ ఆపిల్ ఇరవై పేటీలు రాసుకో, రేటు ఇప్పుడే ఖాయం చెయ్" అంటున్నరు. ఇన్నేండ్లు రాసుకున్న. ఈ సీజన్ నుంచి నవంబరు, డిసెంబరు ఆపిల్‌కు ముందస్తు రేటు లేదు, అడ్వాన్స్ కూడా పట్టుకోను. పాత గిరాకీలకు ఇది నచ్చలేదు. ఒకాయన "పక్క దుకాణపాయన ఇస్తుండు, నీకేం నఖరాలు?" అని మొఖం మీదనే అడిగిండు. కాటా ముందట నిలబడి ఒక్కొక్కరికీ చెప్పే తీరిక లేదు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్న.

మహబూబ్‌నగర్‌లో కూసొని కశ్మీర్ మంచు ముచ్చట ఎందుకు అనొద్దు. జడ్చర్ల కాడ మీరు రోజూ దాటే 44 నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌ల మొదలై మన మీదికెళ్లే కన్యాకుమారి పోతది. ఆ పైన రోడ్డు బందయితే నాలుగైదు రోజుల్లో మన మండిలో రేటు మారుతది. నడుమ ఢిల్లీ ఆజాద్‌పూర్ మండి ఉంటది, హైదరాబాద్ బాటసింగారం పండ్ల మార్కెట్ ఉంటది, ఇద్దరు ముగ్గురు కమీషన్‌దార్లు ఉంటరు. ఆఖరుకు రేటు నా నోటి నుంచి వస్తది కాబట్టి తిట్లు నాకు పడ్తయి.

ముందు కాయ లెక్క చెప్త. కశ్మీర్‌లో గాలా ఆపిల్ ఆగస్టులోనే తెంపుతరు. అడుగున అయిదు బుడిపెలతో కోలగా ఉండే డెలీషియస్ సెప్టెంబరు నుంచి అక్టోబరు దాకా నడుస్తది. అంబ్రి, మహారాజీ రకాలు ఇంకా వెనక. అంటే మీ లగ్గం పళ్లెంలోకి రావాల్సిన కాయ అక్టోబరు ఆఖరుకు కొంత చెట్టు మీద, కొంత తోటలో కుప్ప పోసి, కొంత లారీలో ఉంటది. మంచు సరిగ్గా అప్పుడే పడిందంటే మూడు తావులా దెబ్బే.

పడుతున్నది కూడా. 2018 నవంబరు మొదటి వారంలో పడ్డది. 2019లో నవంబరు 7న పడ్డది. 2021లో ఇంకా ముందుకు జరిగి అక్టోబరు 23న షోపియాన్, కుల్గాం, పుల్వామా దిక్కు తోటల మీద పడ్డది. మంచు అక్కడోళ్లకు కొత్త కాదు, పగ అంతకన్నా కాదు. డెలీషియస్ చెట్టు వచ్చే ఏడు సక్కగా పూయాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి దాదాపు వెయ్యి గంటలు తగలాలె. డిసెంబరులో చెట్టు మోడుగా ఉంటది, మంచు కొమ్మల సందుల నుంచి కిందికి రాలిపోతది. అక్టోబరులో ఆకు ఇంకా చెట్టు మీదనే ఉంటది. ఒక్కో ఆకు మీద తడి మంచు పేరుకుంటది, కిందికి కాయల బరువు ఎట్లాగూ ఉన్నది. అప్పుడు కొమ్మ విరుగుడు కాదు, బోదె నడిమికి చీలుతది. పాత రకం చెట్టు నిండు కాపుకు రావాలంటే పదేండ్లు దాటుతది. ఆ ఏడు పంట పోవుడే కాదు, ఆ తర్వాతి ఏండ్ల మాలు కూడా ఆ ఒక్క రాత్రే పోతది.

ఇంకోటి ఉన్నది, అది ఫొటోల్లో కనబడది: మంచు పడకుండానే గడ్డ కట్టించే చలి. ఆజాద్‌పూరోళ్లు "పాలా కొట్టింది" అంటరు. మొగులు లేని, గాలి ఆడని రాత్రి నేలలో వేడి అంతా పైకి పోతది. చల్లగాలి బరువైనది కాబట్టి వాలుకు జారి లోతట్టు తోటల్లో నిలుస్తది. అందుకే ఒకే ఊర్లో కింది తోట మాడుతది, పై గట్టు మీద తోట బతుకుతది. మన దిక్కు కూడా డిసెంబరు పొద్దుగాల బండి మీద పోతే చెరువు కట్ట కింద పొలాల కాడ చలి మొఖానికి కొట్టి, గట్టెక్కంగనే తగ్గుడు మీకు తెలిసిందే. మన కాడ అంతటితో అయిపోతది. అక్కడ అది సున్నా కిందికి దిగుతది.

ఆపిల్‌లో చక్కెర ఉంటది కాబట్టి సరిగ్గా సున్నా కాడ గడ్డ కట్టది, ఇంచుమించు మైనస్ 2 దాకా ఓర్చుకుంటది. కొంచెం గడ్డ కట్టిన కాయను చెట్టు మీదనే వదిలేస్తే, ఎండ ఎక్కినంక మెల్లగా కరిగి చాలామటుకు తేరుకుంటది. ఆత్రంతో పొద్దుగాలే తెంపితే మాత్రం పని ఖతం. గడ్డ కట్టిన కాయ మీద వేలు పెట్టిన తావులల్లా లోపల గోధుమ రంగు మచ్చ దిగుతది. తెంపిన దినం కనబడది, పేటీలో సర్దినప్పుడు కనబడది, ఇక్కడికి వచ్చి మీ ఇంట్లో కోసినప్పుడు కనబడుతది. నవ్వుతూ ఫోన్ చేసేటోళ్లు ఎవరూ ఉండరు.

మాలు దిగినప్పుడు నేను చేసేది చెప్త. పేటీ మూత తీసి పై వరసను చూడుడు ఆపేసిన. పై వరస ఎప్పుడూ పెండ్లికూతురే. అడుగు వరసలో మూల నుంచి ఒకటి తీసి అడ్డంగా కోస్తం. తొక్క కింద చుట్టూ నీళ్లు పట్టినట్టు అద్దం లెక్క మెరుస్తూ, రంగు మారుతూ, ముక్కుకు పులిసిన వాసన తగిలితే అది చలి దెబ్బ. ఒకటి గుర్తు పెట్టుకోండ్రి, గింజల చుట్టూ నడిమిట్ల మాత్రమే అట్ల మెరుస్తూ తొక్క కింద గట్టిగా, తెల్లగా ఉంటే అది దెబ్బ కాదు. కాయ చెట్టు మీద బాగా ముదిరి తీపి ఎక్కువై అట్లయితది. తినేటందుకు అదే మంచిది, కాకపోతే ఎక్కువ రోజులు ఆగది. మొన్న ఒక అక్క అట్లాంటి కాయలు ఆరు వాపస్ తెచ్చింది. పైసలు ఇచ్చిన, కాయలు ఇంటికి తీసుకపోయి మేము తిన్నం.

కొంచెం చలి తగిలితే కాయకు మేలు అన్న ముచ్చట కూడా చెప్పాలె, లేకుంటే చలి మీద అన్యాయంగా మాట్లాడినట్టయితది. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉంటేనే ఆ ఎరుపు ఎక్కుతది. అక్టోబరు రాత్రులు వెచ్చగా ఉన్న ఏడు కాయ తియ్యగానే ఉంటది కానీ పాలిపోయి కనబడుతది. లగ్గపోళ్లు దాన్ని ముట్టరు.

రోడ్డు సంగతి వేరే బాధ. 2025 ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా వానలకు కొండచరియలు విరిగిపడి జమ్మూ–శ్రీనగర్ రోడ్డు రోజుల తరబడి బందయింది. ఆపిల్ లారీలు వేలల్లో నిలిచిపోయి కాయ లారీలోనే కుళ్లింది. షోపియాన్ నుంచి పోయే మొఘల్ రోడ్డు ఉన్నది కానీ, అది 11 వేల అడుగుల పైన పీర్ కీ గలీ కనుమ దాటి పోవాలె. ముందుగా మంచు పడితే మొదలు మూసేది దాన్నే. ఆ సెప్టెంబరు 13న కశ్మీర్‌లోని బడ్గాం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు పార్శిల్ రైలు మొదలుపెట్టిన్రు. మంచి పనే. అయితే ఢిల్లీ దిగినంక మన దాకా రావాలంటే మళ్ల లారీనే దిక్కు.

"కోల్డ్ స్టోరేజీ మాలు తెచ్చి అమ్మొచ్చు గదా" అని చదువుకున్న పోరగాళ్లు అడుగుతున్నరు. అమ్ముత. పుల్వామా దిక్కు లస్సీపురాలో పెద్ద పెద్ద గదులున్నయి. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను రెండు మూడు శాతానికి దించి, చలి సున్నా దగ్గర పెట్టి నెలల తరబడి కాయను నిద్రపుచ్చుతరు. కాయ మంచిగనే ఉంటది. మంచు దెబ్బ తిన్న ఏడు ఆ గదుల్లో మాలు ఉన్నోడే రాజు, రేటు ఆయన చెప్పిందే. విదేశీ మాలు చవక అనుకునేటోళ్లకు ఇంకో మాట: 2023 మే నుంచి కిలో 50 రూపాయలు, అంతకు లోపు ధర పడే ఆపిల్‌ను దేశంలోకి దించుకోనిస్తలేరు, ఒక్క భూటాన్‌కు తప్ప. ఆ మీద సుంకం, కిరాయి, నా దుకాణం కరెంటు బిల్లు. చవక ఎక్కడిది?

ఇంక అసలు ముచ్చట. ముందే రేటు ఖాయం చేసే దుకాణపోళ్లు మోసగాళ్లని నేను అంటలేను. వాళ్లు చేసేది ఏందంటే, మంచు పడొచ్చన్న భయాన్ని రేటులో కలిపి చెప్తరు. మంచు పడకపోతే ఆ మిగులు వాళ్లది. పడితే మాత్రం ఒప్పుకున్న రేటుకు మంచి కాయ ఇయ్యలేక కింది సైజు, కింది మాలు పేటీలో సర్దుతరు. రెండు విధాలా పోయేది మీ పైసలే. నేను కూడా అట్లనే చెప్పొచ్చు, గిరాకీ పోదు, గొడవ ఉండది. కానీ పడిపూజకు వచ్చిన నూరు మంది ముందట పళ్లెంలో మెత్తబడ్డ కాయ పెట్టి, "పలానా దుకాణం నుంచి తెచ్చినం" అంటే ఆ మాట మాపడానికి నాకు రెండు సీజన్లు పడ్తది.

అందుకని ఇట్ల చేస్తున్న. మీరు రాయించుకునేది లెక్క మాత్రమే, ఎన్ని పేటీలు, ఏ తారీఖు అని. మాలు దిగిన పొద్దు బాటసింగారం రేటు, దాని మీద కిరాయి, హమాలీ, నా మార్జిన్ చీటీ మీద విడివిడిగా రాసి చూపిస్త. నచ్చితే తీసుకుంటరు, లేకుంటే లేదు, ఎవరికీ బాకీ లేదు. అడుగు వరస మీ కండ్ల ముందటనే కోస్త. చలి తగిలిన కాయ వస్తే వేరే గంపలో బోర్డు పెట్టి సగం ధరకు ఇస్త. పాలల్లో కొట్టుకునేటందుకు, పిల్లలకు ఉడకబెట్టి పెట్టేటందుకు పనికొస్తది. కుళ్లింది అమ్మను. స్టోరేజీ మాలైతే స్టోరేజీ మాలని చెప్త.

హిమాచల్ వాళ్ల తిప్పలు కూడా ఇట్లనే ఉన్నయి, కాకపోతే అక్కడ తోటలే కొండెక్కుతున్నయి. చలి చాలక కింది ఊర్లలో ఆపిల్ తీసేసి వేరే పంటలు పెట్టిన్రు, పైన కిన్నౌర్, లాహౌల్-స్పితి దాకా తోటలు పోయినయి. నవంబరులో కిన్నౌర్ కాయ దొరికితే తెస్త. గట్టిగా ఉంటది, రేటు కూడా గట్టిగనే ఉంటది.

ఖాయమైన రేటే కావాలనేటోళ్లకు నా దగ్గర వేరే దారి ఉన్నది. నల్లగొండ బత్తాయికి, జామకు నేను ఇయ్యాలే మాట ఇస్త. తోట తెలుసు, తొవ్వ రెండు మూడు గంటలు. సీతాఫలం అయితే మన బాలానగర్‌దే, దేశమంతా ఆ రకాన్ని మన ఊరి పేరుతోనే పిలుస్తరు. నవంబరు నడిమి దాకా దొరుకుతది, అయితే కోత టైముకు వాన తగిలితే కాయ పగులుతది కాబట్టి దానికి మూడు రోజుల ముందు రేటు చెప్త, అంతకు ముందు చెప్పను. ఫ్రిజ్‌లో పెట్టకండ్రి, తొక్క నల్లబడుతది. పడిపూజలకు పండ్ల పళ్లెం ఆపిల్ లేకుండా నిండుగా ఎట్ల సర్దొచ్చో దుకాణంలో ఒకటి సర్ది పెట్టిన, వచ్చి చూడుండ్రి.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినోళ్లు నలుగురైదుగురు ఉన్నరు. మీ పైసలు కవర్లలో పెట్టి పేర్లు రాసి గల్లాలో ఉంచిన. వాపస్ తీసుకుంటరో, బత్తాయికి మార్చుకుంటరో మీ ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం లోపు వస్తే నేనే ఉంట, తర్వాత లోడ్ కోసం బాటసింగారం పోత.